హెడ్డు మార్చే ముందు కింద ఉన్న ఇంజిన్ సంగతి చూడండి

ట్రక్కు ఇంజిన్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. నా దగ్గర 1989 నాటి పికప్ ట్రక్కు ఉంది. షెవర్లే 350 వీ8 ఇంజిన్, అంటే 5.7 లీటర్లు, త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ రకం. ఖాళీగా పోతే ఇబ్బంది లేదు కానీ ట్రైలర్ తగిలించి మిట్ట ఎక్కించాలంటే ఊపిరాడనట్టు అయిపోతోంది. అల్యూమినియం హెడ్లు వేయించమని ఒకరు, పాత ట్రక్కు నుంచి తీసిన వోర్టెక్ హెడ్లు చాలని ఇంకొకరు చెబుతున్నారు. నా దగ్గర డబ్బు చాలా తక్కువ. కొత్త హెడ్లు కొంటే ఇంక గ్యాస్కెట్లకు కూడా మిగలదు. ఏం చేయమంటారు?

జవాబు: నేను రెండో ఆయన మాటే అంటాను. కానీ ఆ హెడ్ల కోసం బయల్దేరే ముందు మీ ట్రక్కు దగ్గరే ఒక పూట గడపండి, ఎందుకంటే దమ్ము తగ్గడానికి కారణం హెడ్డే, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులను మోసే భాగమే, అని ఇంకా తేలలేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయిన ఇంజిన్ మీద మంచి హెడ్డు బిగిస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. పైన వాల్వులు గట్టిగా మూసుకుంటాయి, ఒత్తిడంతా కింద రింగుల పక్కనుంచి ఆయిల్ పాన్‌లోకి పోతుంది, బండి ఇదివరకటి కంటే ఎక్కువ ఆయిల్ తాగుతుంది.

అందుకే ముందు లీక్‌డౌన్ టెస్ట్ చేయండి. గేజీ కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక ఒక్కో సిలిండర్‌నూ కంప్రెషన్ స్ట్రోక్ చివరికి, పిస్టన్ సరిగ్గా పైకి వచ్చే చోటికి తెచ్చి, స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి 100 పీఎస్ఐ గాలి పెట్టండి. పిస్టన్ పైన లేకపోతే గాలి ఒత్తిడికి క్రాంక్ గిర్రున తిరుగుతుంది కాబట్టి బెల్టుల దగ్గర చేతులు పెట్టకండి. గేజీలో 10 శాతం లోపు పోతుంటే ఆ సిలిండర్ బాగున్నట్టు. 20 దాటితే ఎక్కడినుంచి పోతోందో చెవి పెట్టి వినండి. త్రాటిల్ బాడీలో బుస వినిపిస్తే ఇంటేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత తీస్తే గాలి తన్నుకొస్తుంటే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా పగులు. రింగుల దగ్గర రెండు మూడు సిలిండర్లు అలా ఉంటే ఈ ఏడాది హెడ్ల ఆలోచన మానేసి ఆ డబ్బు కింది భాగానికే దాచిపెట్టండి. ఈ మాట ఎవరికీ నచ్చదు. అయినా చెప్పకుండా ఉండలేను.

కింది భాగం బాగుందనుకుందాం. అప్పుడు మీరు రాసిన ‘ఊపిరాడనట్టు’ అన్న మాట అక్షరాలా నిజం. ఆ త్రాటిల్ బాడీ ట్రక్కుల హెడ్లలో, పోత నంబరు 193తో ముగిసేవి, ఇంటేక్ దారిలో గాలి సుడి తిరగడానికని ఒక అడ్డు రెక్కలాంటిది పోతలోనే పెట్టారు. తక్కువ వేగంలో పెట్రోలు గాలిలో బాగా కలవడానికి, మైలేజీకి అది పనికొస్తుంది. బరువు లాగుతూ ఆర్‌పీఎం పెరిగేసరికి అదే రెక్క దారికి అడ్డం పడుతుంది. వోర్టెక్ హెడ్లు 1996 నుంచి ఇదే 5.7 ఇంజిన్‌తో ట్రక్కులకు, వ్యాన్లకు వచ్చాయి. వాల్వ్ కవర్ తీస్తే లోపల పోత నంబరు కనిపిస్తుంది, చివర 906 గానీ 062 గానీ ఉండాలి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మీ పాత హెడ్డులోనూ వోర్టెక్‌లోనూ వాల్వుల సైజు ఒకటే, ఇంటేక్ 1.94 అంగుళాలు, ఎగ్జాస్ట్ 1.50. తేడా అంతా ఆ వాల్వు దాకా వచ్చే దారి వంపులో, కంబషన్ చాంబర్ ఆకారంలో ఉంది. పెద్ద వాల్వులు, పెద్ద పోర్టులు (హెడ్డులో గాలి పోయే దారులు) అని ఎవరైనా ఆశ పెడితే ఈ సంగతి గుర్తు చేసుకోండి. ట్రక్కు బరువు లాగేది 1500 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్యే. ఆ వేగంలో పోర్టు మరీ పెద్దదైతే గాలి నెమ్మదిస్తుంది, నెమ్మదించిన గాలి సిలిండర్‌ను సరిగా నింపదు. రేసు బండికి పనికొచ్చే హెడ్డు మీ ట్రైలర్‌కు పనికిరాకపోవడం అందుకే.

ఇప్పుడు డబ్బు సంగతి. హెడ్ల ధర ఒక్కటే చూసుకుని దిగితే మధ్యలో ఆగిపోతారు. వోర్టెక్ హెడ్డుకు ఇంటేక్ మానిఫోల్డ్ బోల్టులు మొత్తం 8, పాత వాటికి 12, పోర్టు ఎత్తు కూడా వేరు. అంటే మీ మానిఫోల్డ్ పనికిరాదు, వోర్టెక్‌కు సరిపడేది, మీ త్రాటిల్ బాడీ కూర్చునేది చూసుకోవాలి. చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పాతదే సరిపోతుంది. రాకర్లు, అంటే వాల్వులను నొక్కి తెరిచే మీటలు, మాత్రం హెడ్లతో పాటే అడిగి తెచ్చుకోండి, ఎందుకంటే వోర్టెక్‌వి సెల్ఫ్ అలైనింగ్ రకం, వాల్వు కొన మీద తామే నిలబడతాయి. వాటి బదులు పాతకాలం రాకర్లు పెడితే పక్కకు జారి వాల్వు కొనను తినేస్తాయి. మీ కామ్ (వాల్వులు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నడిపే షాఫ్టు) జోలికి వెళ్లకపోతే వోర్టెక్ స్ప్రింగులు సరిపోతాయి, కాకపోతే ఒక్కో స్ప్రింగు బలం కొలిపించండి, నీరసించినవి మార్చండి. వీటికి తోడు గ్యాస్కెట్ సెట్టు, స్టెమ్ సీల్స్, ఆయిలు, కూలెంట్, వాల్వు పని, పగుళ్ల పరీక్ష. అన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూడండి. మీ డబ్బులో సగం హెడ్లు కొనడానికే పోతోందంటే ఆ హెడ్లు మీకు ఖరీదైనవే, ఎంత చవకగా దొరికినా సరే.

పగుళ్ల పరీక్ష గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. ఈ వోర్టెక్ హెడ్లు పోత పలచన, బండి ఒకసారి బాగా కాగిందంటే ఎగ్జాస్ట్ సీటు దగ్గర వెంట్రుకలాంటి పగులు వస్తుంది, కంటికి కనపడదు. నేను ఓసారి అలాంటి జత కొన్నాను. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి, తుప్పు లేదు, గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు) బిగువుగా ఉన్నాయి. నేరుగా వర్క్‌షాపులో ఇచ్చి వాల్వు సీట్లు గ్రైండింగ్, ఫేసింగ్ (హెడ్డు ముఖాన్ని అరగదీసి చదును చేయడం), కొత్త గైడ్ సీల్స్ అన్నీ చేయించేశాను. బిల్లు కట్టి ఇంటికి తెచ్చాక మనసొప్పక ఇంకో చోట మాగ్నెటిక్ పౌడర్ పరీక్ష చేయిస్తే, లైటు కింద ఒక ఎగ్జాస్ట్ సీటు అంచునుంచి చాంబర్ లోపలికి సన్నటి గీత, పౌడర్ అంతా అక్కడే పోగైంది. హెడ్డు డబ్బు కంటే దాని మీద పెట్టిన పని డబ్బుకే నాకు ఎక్కువ బాధేసింది. మొదటి వర్క్‌షాపు వాళ్లు పని మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయలేదు, చేయమని నేనూ అడగలేదు. అందుకే వరుస మార్చకండి. ముందు కడగడం, వెంటనే పగుళ్ల పరీక్ష, నిలిచిందని తేలాకే మిగతా పని. పోత ఇనుముకు మాగ్నెటిక్ పరీక్ష చాలు. అల్యూమినియానికి అది పనిచేయదు, రంగు పూసి చూసే డై పరీక్షో నీటి దారిలో ఒత్తిడి పెట్టే పరీక్షో కావాలి. అమ్మేవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి, పగులు తేలితే తిరిగి తీసుకోవాలని. ఒప్పుకోకపోతే ఇంకో జత వెతకండి.

పరీక్షలో నిలిచాక ఖర్చు పెట్టాల్సింది సీట్లు, గైడ్ల మీద. మూడు కోణాల వాల్వు జాబ్, 30, 45, 60 డిగ్రీలు, అదే మీకు వచ్చే అసలు లాభం. పెయింటు, క్రోమ్ కవర్లు, రంగు ప్లగ్గు వైర్లు తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు. గైడ్లు మీరే చూడొచ్చు. వాల్వును సీటు నుంచి ఓ సెంటీమీటరు పైకి ఎత్తి, తలను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. టకటకమని ఊగితే గైడు అరిగింది, ఆ గైడులో కొత్త సీలు వేసినా నెలల్లో పాడైపోయి పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది.

చివరగా మీ బండికి ఉన్న ప్రత్యేక సమస్య. ఆ కంప్యూటర్ గాలిని నేరుగా కొలవదు, మానిఫోల్డ్ ఒత్తిడి, ఆర్‌పీఎం చూసి పట్టికలోంచి లెక్క కట్టుకుంటుంది. కొత్త హెడ్లతో ఎక్కువ గాలి పోతున్నా దానికి తెలియదు. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ కాస్త సర్దుతుంది కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పట్టిక ప్రకారమే పెట్రోలు పోస్తుంది, అది చాలదు, మిశ్రమం పలచనవుతుంది. బరువుతో మిట్ట ఎక్కుతూ పలచటి మిశ్రమంతో నడిపితే పిస్టన్లకే ముప్పు. ఆ పట్టికను మార్పించే చిప్పు ట్యూనింగ్ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. అది లేకపోతే హెడ్ల పని వాయిదా వేయండి.

ప్రశ్న: నాదీ 350 ఇంజినే కానీ ఇంకా పాతది, కార్బొరేటర్‌ది. ఇప్పుడున్న హెడ్ల చాంబర్ 76 సీసీ అన్నారు. 64 సీసీ వోర్టెక్ హెడ్లు దొరికాయి. కంప్రెషన్ బాగా పెరిగిపోయి ఇంజిన్ కొట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. మందం గ్యాస్కెట్ వేస్తే సరిపోతుందా?

జవాబు: మందం గ్యాస్కెట్ వద్దు. ఎందుకో చెబుతాను, ముందు లెక్క వేద్దాం. మీ సిలిండర్ వ్యాసం 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48. అంటే పిస్టన్ ఒక్కసారి కదిలితే దాదాపు 716 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు అంటే చాంబర్, గ్యాస్కెట్ మందం, పిస్టన్ డెక్ (బ్లాకు పైముఖం) కంటే కిందకి ఉండే కొద్దిపాటి ఖాళీ, పిస్టన్ మీద వాల్వుల కోసం చెక్కిన గుంటలు. మామూలు గ్యాస్కెట్ 9 సీసీ, డెక్ ఖాళీ 5, గుంటలు 6 అనుకుంటే చాంబర్ కాక 20 సీసీ. ఇప్పుడు 76కి 20 కలిపితే 96. 716, 96 కూడి 96తో భాగిస్తే 8.5 దగ్గర వస్తుంది. 64 సీసీ హెడ్డుతో అదే లెక్క 84తో చేస్తే 9.5. అంటే ఒక పాయింటు పెరుగుతుంది. మీ పిస్టన్లు గుంట పిస్టన్లయితే ఇంకా తక్కువే పెరుగుతుంది, విప్పినప్పుడు చూసి మీ అంకెలతో మళ్లీ కట్టుకోండి.

9.5 భయపడాల్సిన అంకె కాదు. వోర్టెక్ హెడ్లతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 5.7 ఇంజిన్ కంప్రెషనే 9.4, మామూలు పెట్రోలుతోనే నడిచింది. ఆ చాంబర్ ఆకారం వల్ల మంట త్వరగా వ్యాపిస్తుంది, నాకింగ్‌కు అవకాశం తగ్గుతుంది. కానీ మంట త్వరగా పాకుతుంది కాబట్టి టైమింగ్, అంటే పిస్టన్ పైకి రాకముందే ప్లగ్గు ఎన్ని డిగ్రీల ముందు వెలగాలన్నది, కూడా తగ్గించాలి. పాత హెడ్లకు మొత్తం అడ్వాన్స్ 36 డిగ్రీలు పెట్టి ఉంటే, వీటికి 32 దగ్గర మొదలుపెట్టండి. పాత టైమింగ్ అలాగే ఉంచేసి ‘ఈ హెడ్లు కొట్టుకుంటున్నాయి’ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఇక గ్యాస్కెట్. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని చదును భాగానికీ హెడ్డు చదును భాగానికీ మధ్య సందు ఎంత తక్కువుంటే అక్కడి గాలి అంత జోరుగా చాంబర్‌లోకి చిమ్ముతుంది, మిశ్రమం బాగా కలుస్తుంది, మూలల్లో ఆలస్యంగా పేలే పెట్రోలు మిగలదు. ఆ సందు 40 థౌ దగ్గర ఉంటే మంచిది, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కంప్రెషన్ తగ్గిద్దామని మందం గ్యాస్కెట్ వేస్తే ఆ సందు పెరిగి నాకింగ్ తగ్గడానికి బదులు ఎక్కువ కావచ్చు. దాని బదులు టైమింగ్ సరిచూసుకోండి, రేడియేటర్ శుభ్రం చేయించండి.

అమ్మేవాళ్లు 64 అన్నారని నమ్మి ఊరుకోకండి. ఆ హెడ్డుకు ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో ఎవరికి తెలుసు. కొలవడం ఇంట్లోనే కుదురుతుంది. వాల్వులు, పాత ప్లగ్గు పెట్టి హెడ్డును కాస్త వాలుగా బోర్లా పడుకోబెట్టండి. చాంబర్ అంచుకు పలచగా గ్రీజు రాసి, ఒక రంధ్రం చేసిన ప్లాస్టిక్ అద్దం ముక్కను అంటించండి, రంధ్రం ఎత్తుగా ఉన్న వైపు ఉండాలి. రంగు కలిపిన నీళ్లు బ్యూరెట్‌తో రంధ్రంలోంచి వదలండి. అద్దం కింద గాలి బుడగ చిన్నదై చిన్నదై రంధ్రం దగ్గరికి జరిగి మాయమవుతుంది. అప్పటికి ఎన్ని సీసీలు పోశారో అదే చాంబర్ కొలత. 8 చాంబర్లూ కొలవండి. ఒకదానికొకటి ఒకటి రెండు సీసీలకు మించి తేడా ఉంటే ఆ హెడ్డుకు వంకర ఫేసింగ్ జరిగిందేమో, సీట్లు లోపలికి దిగిపోయాయేమో అనుమానించండి. కొలత పూర్తయ్యాక నీళ్లన్నీ తుడిచి ఆయిల్ రాయండి, లేకపోతే తెల్లారేసరికి సీట్ల మీద తుప్పు.

ప్రశ్న: సార్, డై గ్రైండర్ ఉంది. పోర్టులు నేనే పాలిష్ చేసుకుంటే డబ్బు మిగులుతుంది కదా? అద్దంలా మెరిసేలా చేస్తే ఎంత పవర్ పెరుగుతుంది?

జవాబు: మెరుపుతో పవర్ రాదు. ఇంటేక్ పోర్టును అద్దంలా చేస్తే కార్బొరేటర్ బండిలో పెట్రోలు గోడలకు పట్టి చుక్కలుగా జారుతుంది, గరుకుగా ఉండటమే మేలు. ఎగ్జాస్ట్ పోర్టును నున్నగా చేసుకోవచ్చు, మసి తక్కువ పడుతుంది, అంతకు మించి ఆశించకండి.

చేతిపనితో నిజంగా లాభం వచ్చే చోటు ఒక్కటే, వాల్వు సీటు కింద ఓ అంగుళం లోపు ఉండే గిన్నెలాంటి భాగం. ఫ్యాక్టరీలో సీటు కోసిన కట్టర్ అక్కడ ఒక మెట్టు వదిలేస్తుంది. ఆ మెట్టును చుట్టూ ఉన్న పోతలో కలిసిపోయేలా అరగదీయండి, అంతే. పోర్టు పైకప్పు, వెడల్పు జోలికి పోవద్దు, మానిఫోల్డ్ వైపు మూతి పెద్దది చేయొద్దు. లోపలి మలుపు, వాల్వుకు దగ్గరగా కిందివైపు వంగే చోటు, అక్కడ చేయి జారితే గాలి మలుపు తిరగలేక సీదాగా పోయి ఎదురు గోడకు కొట్టుకుంటుంది, ఉన్న పవర్ కూడా పోతుంది. గోడ వెనకే నీటి దారి ఉంటుంది, ఎంత మందం మిగిలిందో బయటినుంచి తెలియదు. ఈ పనంతా వాల్వు జాబ్‌కు ముందే చేయాలి, కొత్తగా కోసిన సీటు మీద గ్రైండర్ ఒక్కసారి తగిలినా ఆ సీటు మళ్లీ కోయించాల్సిందే. ముందు పనికిరాని హెడ్డు ఒకటి తెచ్చుకుని దాని మీద రెండు పోర్టులు చేసి చూడండి. కళ్లజోడు, మాస్కు లేకుండా మొదలుపెట్టకండి, ఇనుప పొడి కంట్లో పడితే హాస్పిటల్ ఖర్చు హెడ్ల ఖర్చును మించుతుంది.

ప్రశ్న: మాది ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ లారీ. గ్యాస్కెట్ పోయి హెడ్డు దింపాం. ఫేసింగ్ చేయించేటప్పుడే కాస్త ఎక్కువ తీయిస్తే కంప్రెషన్ పెరిగి పికప్ వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: డీజిల్‌కు ఆ ఆలోచన పూర్తిగా మానేయండి. డీజిల్ ఇంజిన్‌కు కంప్రెషన్ ఇప్పటికే ఎక్కువే, టర్బో బండిలో పికప్ వచ్చేది బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), డీజిల్ సరఫరాల వల్ల. హెడ్డు పలచనైన కొద్దీ వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, ఇంజెక్టర్ ముక్కు చాంబర్‌లోకి ఎక్కువ పొడుచుకొస్తుంది, డీజిల్ పడాల్సిన గుంటలో కాకుండా ఇంకో చోట పడి నల్ల పొగ మొదలవుతుంది. ఫేసింగ్ అనేది వంకర తీసేయడానికే చేయించాలి, అదీ అవసరమైనంతే. స్ట్రెయిట్ ఎడ్జ్ పొడుగునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కింద ఫీలర్ గేజీ దూర్చి చూడండి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వంకర ఎంతవరకు పర్వాలేదో, హెడ్డు కనీస మందం ఎంతో రాసి ఉంటుంది, అంతకంటే పలచనైతే హెడ్డు మార్చాల్సిందే.

ఫేసింగ్ అయ్యాక మూడు కొలతలు అడిగి తీసుకోండి. హెడ్డు మందం, వాల్వులు హెడ్డు ముఖం నుంచి ఎంత లోపలికి ఉన్నాయి, ఇంజెక్టర్ ముక్కు ఎంత బయటికి ఉంది. వాల్వులు హెడ్డు ముఖం వైపు ఎక్కువ వచ్చేస్తే సీటు కాస్త దించాలి, ఇంజెక్టర్ ఎక్కువ పొడుచుకొస్తే కింద మందం రాగి వాషర్ వేయాలి. చాలా డీజిల్ ఇంజిన్లకు హెడ్ గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో దొరుకుతుంది, పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తుందో కొలిచి దాన్ని బట్టి ఎంచుకోవాలి, షాపులో ఏది ఉంటే అది తెచ్చి వేయకూడదు. గ్యాస్కెట్ ఎందుకు పోయిందో కూడా తేల్చుకోండి. బ్లాకు ముఖం మీద కూడా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టకుండా హెడ్డు ఒక్కటే ఫేసింగ్ చేసి బిగించిన బండ్లు మళ్లీ అదే చోట గ్యాస్కెట్ కాల్చుకుంటాయి.

బోల్టుల విషయంలో పొదుపు వద్దు. టార్క్ పెట్టాక డిగ్రీల లెక్కన తిప్పే రకమైతే మాన్యువల్ ఏం చెబుతోందో చూడండి. కొన్నిటికి బోల్టు పొడవు కొలిచి మళ్లీ వాడొచ్చని ఉంటుంది, కొన్నిటికి కొత్తవే వేయాలని ఉంటుంది. బ్లాకులోని మర రంధ్రాల్లో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు బిగించినప్పుడు బ్లాకు పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టండి. మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు, మాన్యువల్‌లోని వరుసలోనే, రెండు మూడు విడతల్లో బిగించండి. రాకర్లు కూర్చోబెట్టి వాల్వు క్లియరెన్స్ పెట్టాక ఇంజిన్‌ను స్టార్టర్‌తో కాకుండా ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయకుండా ఆగి, రాకర్లు విప్పి, వాల్వు ఏ పిస్టన్‌కు తగులుతోందో చూసుకోండి.